దేవుడు గంట ఆగుతాడు

శ్రోతలందరికీ నమస్కారం.

మాది కోనసీమ. గోదావరి వైనతేయ పాయ ఒడ్డున, ఏటిగట్టుకి కూతవేటు దూరంలో మా ఇల్లు. మా వైపు భక్తికి కొదవ లేదండీ. తెల్లవారితే గుడి మైకు, ఆదివారం చర్చి గంట, కార్తీకమాసంలో రేవుల నిండా దీపాలు, కనుమ నాడు జగ్గన్నతోటలో ప్రభలు. నేనూ రోజూ దీపం పెట్టుకునే మనిషినే. ఆ దీపం ముందు కూర్చునే ఓ తప్పు చేశాను. దాంతోనే మొదలుపెడతాను.

2022 జూలై. గోదావరికి పెద్ద వరద వచ్చింది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 17.75 అడుగులకి చేరితే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ ఏడు అది దాటిపోయింది. 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు బ్యారేజీ దాటి సముద్రం దారి పట్టింది. కాజ్‌వేలు మునిగాయి, లంకల్లో ఇళ్ళల్లోకి నీళ్ళొచ్చాయి. జనం గేదెల్ని తోలుకుని, మంచాలూ మూటలూ నెత్తిన పెట్టుకుని గట్టెక్కారు. వాన ఆగదు. టార్పాలిన్ల కింద ముసలీ ముతకా అంతా ముడుచుకుని కూర్చున్నారు.

ఆ రోజు మా ఇంట్లో ఏడు రోజుల పారాయణ ముగింపు. పొద్దున్నే తలంటుకుని, మడి కట్టుకుని, పులిహోరకి చింతపండు నానబెట్టి, బియ్యం కడిగి పీటల ముందు కూర్చున్నాను. అప్పుడే గుమ్మం దగ్గర ఎవరో పిలిచారు. పాతికేళ్ళు కూడా ఉండవు ఆ పిల్లకి. చంకలో పసిబిడ్డ, చేతిలో పాలసీసా. "అమ్మా, కాసిన్ని వేడినీళ్ళు ఇప్పిస్తారా, పాలపొడి కలుపుకుంటాను" అంది. నేను పుస్తకంలోంచి తల ఎత్తకుండానే, "పారాయణ అయిపోవచ్చింది, ఓ గంటాగి రామ్మా" అన్నాను.

ఆ పిల్ల మారు మాట్లాడకుండా వెనక్కి తిరిగింది.

వసారాలో మంచం మీద మా అత్తగారు ఉన్నారు. అప్పటికి ఎనభై దాటాయి. జన్మలో మడి తప్పని మనిషి. ఆవిడ లేచి కూర్చుని, "అమ్మాయ్, దేవుడు గంట ఆగుతాడు. పసిదాని ఆకలి ఆగుతుందా? పుస్తకం మూసి లే" అన్నారు. గట్టిగా కూడా అనలేదు. ఆవిడే కర్ర పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆ పిల్లని వెనక్కి పిలిచారు. వేడినీళ్ళు ఇచ్చాక, నైవేద్యానికి కడిగిన బియ్యం చూపించి, "దీంతోపాటు ఇంకో కుంచెడు పొయ్యి. గట్టు మీద వాళ్ళందరికీ పులిహోర కలుపుదాం" అన్నారు.

ఆ సాయంత్రం దాకా మా వంటింట్లో ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఆరుగురు ఉన్నారు. మడీ లేదు, మైలా లేదు. పెద్ద బేసిన్‌లో వేడన్నం ఆరబోసి, పోపు పెట్టి, పులుసు పోసి కలుపుతుంటే పసుపు మోచేతుల దాకా ఎక్కింది. మూడు రోజులకి గానీ వదల్లేదు ఆ రంగు. అరిటాకు ముక్కల్లో పొట్లాలు కట్టి దారం చుట్టాం. నా పారాయణ ఆ రాత్రి పదింటికి, చేతులకి పసుపు వదలకుండానే పూర్తయింది.

అత్తగారికి ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో తర్వాత తెలిసింది. ఆవిడ చిన్నప్పుడు వాళ్ళ నాయనమ్మ చెప్పిన కథలన్నీ డొక్కా సీతమ్మ గారివే. సీతమ్మ గారు 1841లో మండపేటలో పుట్టారు. తండ్రి భవానీశంకరం గారిని, వచ్చినవాళ్ళకి బువ్వ పెడతాడని ఊళ్ళో బువ్వన్న అనేవారు. లంకల గన్నవరం డొక్కా జోగన్న గారి ఇంటికి కోడలిగా వచ్చారు. ఏటి ఒడ్డు ఊరు కదా, పడవ దిగినవాళ్ళూ పడవ కోసం ఆగినవాళ్ళూ వేళాపాళా లేకుండా వస్తుండేవారు. కులం అడక్కుండా, వేళ చూడకుండా అన్నం పెట్టారావిడ. 1909లో పోయేదాకా అదే పని.

ఆవిడ గురించి మా వైపు అందరూ చెప్పుకునే సంగతి ఒకటుంది. అంతర్వేది నరసింహస్వామిని చూడాలని ఎన్నాళ్ళ నుంచో కోరిక. ఇల్లు వదిలితే వచ్చేవాళ్ళకి అన్నం ఎవరు పెడతారని వాయిదా వేస్తూ వచ్చారు. చివరికి ఒకసారి పల్లకీలో బయల్దేరారు. దారిలో పిల్లలు ఆకలని ఏడుస్తుంటే, పెద్దవాళ్ళు "ఇంకాస్త దూరం నాన్నా, గన్నవరం వెళ్ళిపోతే సీతమ్మ గారు అన్నం పెడతారు" అని సముదాయిస్తున్నారట. ఆ మాట చెవిన పడగానే బోయీలతో పల్లకీ వెనక్కి తిప్పమన్నారు.

ఈ కథ విన్నప్పుడల్లా నాకు ఆ తిరిగిన పల్లకీయే కళ్ళముందు కదులుతుంది. ఆవిడకి దేవుడి మీద నమ్మకం తక్కువై వెనక్కి రాలేదు కదండీ. దర్శనం కోసం అన్నేళ్ళు తపించిన మనిషి! స్వామి ఎక్కడున్నాడో ఆ పిల్లల ఏడుపులో తెలిసిపోయింది, అంతే.

గన్నవరం దగ్గరే వైనతేయ మీద అక్విడక్టు ఉంది. కింద ఏరు, పైన కాలువ. పాతది కాటన్ దొర కాలంలో కట్టింది. 2000లో వచ్చిన కొత్తదానికి సీతమ్మ గారి పేరు పెట్టారు. కాటన్ దొర గట్టి భక్తి ఉన్న క్రైస్తవుడు. ఈ జిల్లాల కరువు చూసి, 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేయించాడు. మన పురోహితులు ఇప్పటికీ గోదావరి స్నాన సంకల్పంలో ఆయన్ని భగీరథుడని తలుచుకుంటారు. ఆయన ఏ దేవుణ్ణి నమ్మాడని అడగరు, పొలానికి నీళ్ళొచ్చాయి కాబట్టి.

ఇప్పుడు కాస్త నొప్పి కలిగించే మాట చెబుతాను, ఏమీ అనుకోకండి. ఏటా ఎండాకాలంలో కాలువలు కట్టేస్తారు. నీళ్ళు తగ్గాక అడుగు కనిపిస్తుంది. మొన్న వేసవిలో మా ఊరి కుర్రాళ్ళు బాగు చేద్దామని దిగితే ఏం తేలాయో తెలుసా? పూలదండలు నింపి కట్టిపడేసిన పాలిథిన్ కవర్లు, థర్మాకోల్ దీపపు దొన్నెలు, అద్దాలు పగిలిన దేవుడి పటాలు. ఒక అబ్బాయి అరికాలు అలాంటి పటం గాజుతోనే తెగింది. లక్ష్మీదేవి పటం. దాన్ని కాలువలో వేసినవాళ్ళు చేతులు జోడించే వేసి ఉంటారు. గోదారమ్మ తల్లి అంటాం. తల్లి ఒళ్ళో గాజుముక్కలు వేస్తామా? 2027లో మళ్ళీ పుష్కరాలు. అందరం మునుగుతాం. ఈలోపు దండలు పెరట్లో గొయ్యి తీసి పూడ్చడం, పటాల అద్దం వేరు చెయ్యడం అలవాటు చేసుకుంటే ఆ మునక నాకు ఇంకా పుణ్యంగా తోస్తుంది.

అన్నదానాల సంగతీ అంతే. ఫ్లెక్సీ కట్టి, వేళకి తినేవాళ్ళకే వరసగా వడ్డించి, పందిరి బయట నిలబడ్డ వాళ్ళని "ఆఖర్న రండి" అంటుంటే నాకు నా "గంటాగి రామ్మా" గుర్తొస్తుంది. ఆ వడ్డించేవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. నేనూ ఆ రోజు చెడ్డదాన్ని కాను. మన కళ్ళు పుస్తకంలోనో, పూజలోనో ఉండిపోతాయి, గుమ్మం వైపు తిరగవు.

మా పక్కింటి మరియమ్మ వాళ్ళ చర్చిలో ఒక అలవాటు ఉంది. రోజూ ఎసట్లో బియ్యం పోసే ముందు పిడికెడు తీసి విడిగా డబ్బాలో వేస్తారు. ఆదివారం అందరి బియ్యం కలిపి, లేనివాళ్ళకి పంచుతారు. అత్తగారికి ఇది తెలిసి తెగ నచ్చేసింది. ధనుర్మాసంలో హరిదాసు పాత్రలో పోసే గుప్పెడు ఏడాదంతా పోస్తే తప్పేంటి అని మా వంటింట్లోనూ ఒక స్టీలు డబ్బా పెట్టించారు. ఆవిడ చెయ్యి చిన్నది, పిడికిట్లో ఎంతో పట్టేది కాదు. అందుకని రెండుసార్లు వేసేవారు.

ఆవిడ పోయి ఏడాదిన్నర అయింది. డబ్బా అక్కడే, పొయ్యి గట్టు పక్కనే ఉంది. గట్టు కింద పాకలో ఒక్కతే ఉండే ముసలావిడకి ప్రతి పదిహేను రోజులకీ అందులో బియ్యం వెళ్తాయి. నిన్న రాత్రి చూశాను, అంచు దాకా వచ్చింది. రేపు పొద్దున్న వంట మొదలెట్టకముందే పట్టుకెళ్ళాలి.

నమస్కారం.