గట్టు మీదికొచ్చిన సుంకం

శ్రోతలకు నమస్కారం.

నెల్లూరు జిల్లా విడవలూరు దగ్గర రొయ్యల గుంట. ఇంకా తెల్లారలేదు, వల లాగారు. ఏజెంటు ఒక కేజీ తూచి, కింద పోసి, ఒక్కొక్కటే లెక్కపెడుతున్నాడు. నలభై తూగితే నలభై కౌంటు, వంద తూగితే వంద కౌంటు. కౌంటు తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, రేటెక్కువ. రైతు చూపంతా ఆ వేళ్ల మీదే. రేటు తేలేది మాత్రం సముద్రానికి అవతల.

2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకుల్లో చాలావాటి మీద సుంకాన్ని 50 శాతం చేసింది. రొయ్య మీద అంతకు ముందే ఉన్న యాంటీ డంపింగ్ సుంకం, అంటే మరీ చవగ్గా అమ్ముతున్నారని వేసేది, దీనికి అదనం. అప్పుడు ఈక్వెడార్ రొయ్యకు 15 శాతమే. సుంకం కట్టేది అక్కడి దిగుమతిదారే గదా, మనకేం అంటారేమో. కట్టేది అతనే. కానీ పక్కనే ఈక్వెడార్ రొయ్య చవగ్గా దొరుకుతుంటే అతను మన ఎగుమతిదారును తగ్గించమంటాడు, ఎగుమతిదారు ఏజెంటును, ఏజెంటు రైతును. రైతు ఎవరినంటాడు? మేత కొట్టు బాకీ తగ్గదు, నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్లు తిప్పిన కరెంటు బిల్లూ తగ్గదు.

పెద్ద రొయ్యకు పెద్ద బేరం అమెరికాదే. అందుకే దెబ్బ ముందు దానికి తగులుతుంది. భయపడి వంద కౌంటుకే పట్టేస్తారు. ఊరంతా అదే పని చేస్తే చిన్న రొయ్యకూ రేటు పడిపోతుంది.

ఇంకో సంగతి. 2009లో అనుమతి వచ్చాక మన గుంటల్లో దిగిన ఈ వెనామీ రకం రొయ్యకు తల్లి రొయ్యలు ఎక్కువగా అమెరికా నుంచే విమానాల్లో వస్తాయి. పిల్లల్ని మనం పెంచి అక్కడికే పంపుతున్నాం. రెండు చివరలూ వాళ్ల చేతుల్లోనే పెట్టాం!

సుంకం మనమూ వేస్తాం. 2024 సెప్టెంబరులో ముడి పామాయిల్ మీద మూల సుంకం సున్నా నుంచి 20 శాతానికి పెరిగింది. కృష్ణపట్నం రేవులో దిగే నూనె అది. దసరా పిండివంటల వేళకు అంగట్లో ప్యాకెట్టు రేటెక్కింది. మన పామాయిల్ తోటల రైతు గెల కాస్త మంచి ధర పలికింది కాబట్టి నేనైతే దాన్ని తప్పుపట్టను. 2025 మే చివర్లో దాన్ని 10 శాతానికి దించారు.

రొయ్య రైతుకు అలాంటి అండ లేదు. నెల్లూరు రొయ్య బెంగళూరు, హైదరాబాదు వంటిళ్లకు విరివిగా చేరాలి. అందుకు గుంటల దగ్గర ఐసు, చల్లటి లారీలు కావాలి. ఏజెంటు రేటు చెప్పకముందే రైతుకు ఆ పట్నాల రేటు తెలియాలి, ఈ పంటకే.