రక్తం ఎక్కించేముందు ఆ మందు పేరు చెప్పండి

(విజయవాడ స్టూడియోలో జరిగిన చర్చ. పాల్గొన్నవారు: గుంటూరులో బయోకెమిస్ట్రీ చెప్పే ప్రొఫెసర్ గారు, రక్తవ్యాధుల డాక్టర్ గారు, బ్లడ్ బ్యాంక్ బాధ్యతలు చూసే డాక్టర్ గారు.)

యాంకర్: నమస్కారం. ఈరోజు మన విషయం ఏడీపీ-రైబోసిల్ సైక్లేజ్ ఎంజైములు. వాటిలో ఒకటైన సీడీ38కి అతుక్కునే డారాటుముమాబ్ అనే క్యాన్సర్ మందు వాడేవాళ్లు, రక్తం ఎక్కించుకునేముందు ఆ పేరు ఎందుకు చెప్పాలో కూడా తెలుసుకుందాం. మేడమ్, ఇవి ఒంట్లో ఏం చేస్తాయో ఇంట్లో పెద్దవాళ్లకు కూడా అర్థమయ్యేలా చెబుతారా?

ప్రొఫెసర్: తప్పకుండా. తిన్న అన్నం శక్తిగా మారాలంటే ప్రతి కణానికీ ఎన్ఏడీ అనే అణువు కావాలి. దాన్ని మన ఒళ్లు బి3 విటమిన్ నుంచి తయారు చేసుకుంటుంది. ఈ ఎంజైమ్ ఆ ఎన్ఏడీని పట్టుకుని, ఒక పక్కనున్న నికోటినమైడ్ ముక్కను తుంచేసి, మిగిలిన దాని రెండు కొసలూ కలిపి ముడివేస్తుంది. పూలదండ కొసలు కట్టినట్టన్నమాట. ఆ దండే సైక్లిక్ ఏడీపీ రైబోజ్. కణం లోపల కాల్షియం దాచుకున్న గదులుంటాయి, వాటి తలుపులు తీయడానికి ఇదొక తాళంచెవి. కాల్షియం బయటికి వస్తేనే కండరం బిగుసుకుంటుంది, క్లోమం ఇన్సులిన్ వదులుతుంది, తెల్లకణం కదులుతుంది.

యాంకర్: దీన్ని ఎలా కనిపెట్టారు?

ప్రొఫెసర్: 1987లో హాన్ చెంగ్ లీ బృందం సీ అర్చిన్ అనే సముద్రజీవి గుడ్ల మీద పనిచేస్తుంటే ఈ తాళంచెవి దొరికింది. మన తెల్లకణాల మీద సీడీ38 అనే ప్రొటీన్ ఉందని 1980 నుంచే తెలుసు. అదీ ఇదే పని చేస్తుందని 1993లో తేలింది. ఒక్క మాట చెప్పనివ్వండి. క్లాసులో ఏడీపీ అనగానే నాకు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు గుర్తొస్తారు. 1929లో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి, కణానికి శక్తినిచ్చే ఏటీపీ కండరంలో ఉందని చూపించింది ఆయనే. ఏటీపీలో ఒక ఫాస్ఫేట్ ఊడితే మిగిలేది ఏడీపీ. ఈ మాట పిల్లలకు చెప్పకుండా నేను పాఠం ముందుకు తీసుకెళ్లను.

యాంకర్: మరి జబ్బుతో సంబంధం ఎక్కడ వచ్చింది?

ప్రొఫెసర్: సీడీ38కి దుబారా ఎక్కువ. ఒక్క దండ కట్టడానికి సుమారు వంద ఎన్ఏడీ అణువులను ఊరికే విరిచేస్తుంది. వయసు మీదపడేకొద్దీ సీడీ38 పెరుగుతుంది, ఎన్ఏడీ తగ్గుతుంది. సీడీ38 లేని ఎలుకల్లో ముసలితనంలోనూ ఎన్ఏడీ బాగానే నిలిచిందని 2016లో చూపించారు. అలాగని దీన్ని తీసి పారేయాలని అనుకోకండి. అలాంటి ఎలుకల మీదే 2007లో ఇంకో పరిశోధన వచ్చింది. మమకారానికి తోడ్పడే ఆక్సిటోసిన్ అనే హార్మోన్ వాటి మెదడులో సరిగా విడుదల కాలేదు. తల్లులు పిల్లల్ని సరిగా చూసుకోలేదు. ముందురోజు కాదు, కాసేపటి క్రితం కలిసిన ఎలుకను కూడా గుర్తుపట్టలేదు.

యాంకర్: ఎన్ఏడీ పెంచి వయసు తగ్గిస్తామని మాత్రలు అమ్ముతున్నారు కదా?

ప్రొఫెసర్: రక్తంలో ఎన్ఏడీ పెరగడం నిజమే. దానితో వయసు వెనక్కి వెళ్తుందని మనుషుల్లో రుజువు కాలేదు. ఆ డబ్బుతో పల్లీలు, చేపలు, గుడ్లు కొనుక్కోండి.

యాంకర్: డాక్టర్ గారూ, మీ పేషెంట్లకు సీడీ38తో పనేంటి?

రక్తవ్యాధుల డాక్టర్: మల్టిపుల్ మైలోమా. ఎముక మజ్జలో ఉండే ప్లాస్మా కణాలకు వచ్చే క్యాన్సర్ అది. నడుంనొప్పి అని నెలల తరబడి నొప్పి మాత్రలు మింగి, ఎముక విరిగాకో కిడ్నీ దెబ్బతిన్నాకో మా దగ్గరికి వచ్చేవాళ్లున్నారు. అది చూస్తే బాధేస్తుంది. ఆ కణాల ఒంటినిండా సీడీ38 ఉంటుంది. డారాటుముమాబ్ అనే మందు ఒక యాంటీబాడీ, అంటే ఒక లక్ష్యాన్నే వెతికి పట్టుకునే ప్రొటీన్. అది సీడీ38ని అతుక్కుని గుర్తు పెడుతుంది, ఆ గుర్తున్న కణాన్ని మన రక్షణ వ్యవస్థ చంపేస్తుంది. 2015 నవంబరులో అమెరికాలో అనుమతి వచ్చింది. చికిత్స తీరునే మార్చిన మందు. అయితే దీనితో వచ్చే ఒక చిక్కు గురించి పక్కనున్న సార్ చెప్పాలి.

బ్లడ్ బ్యాంక్ డాక్టర్: ఎర్రకణాల మీద కూడా కొద్దిగా సీడీ38 ఉంటుందండీ. ఈ మందు వాడే మనిషి సీరంలో, అంటే రక్తంలోని కణాలు లేని ద్రవంలో, ఆ యాంటీబాడీ తిరుగుతూ ఉంటుంది. దాత రక్తం రోగికి సరిపోతుందో లేదో చూసే క్రాస్‌మ్యాచ్ పరీక్షలో, కణాలకు అంటుకున్న యాంటీబాడీలను పట్టే కూంబ్స్ దశకు వచ్చేసరికి ఏ దాత కణాలు వేసినా అంటుకుంటుంది. ట్యూబును మెల్లగా కదిపితే అడుగున ఉన్న ఎర్ర బొట్టు పొగలా విడిపోవాలి. ఇక్కడ ఇసుక రేణువుల్లా చిన్న చిన్న గుత్తులు లేస్తాయి. ఒక సంచి కాదు, పది సంచులు మార్చినా అంతే. మందు సంగతి మాకు చెప్పకపోతే, దాత రక్తానికి ఎదురుతిరిగే యాంటీబాడీ రోగి ఒంట్లోనే పుట్టిందనుకుని, ఆ లేని యాంటీబాడీ కోసం గంటలకొద్దీ వెతుకుతూ కూర్చుంటాం.

యాంకర్: లైన్‌లో తెనాలి నుంచి ఒక బాబు ఉన్నారు. చెప్పండి.

కాలర్: సార్, మా నాన్నకి ఇదే జరిగింది. హిమోగ్లోబిన్ పడిపోయింది, రక్తం ఎక్కించాలన్నారు. సాయంత్రం శాంపిల్ ఇస్తే తెల్లవారుజామున వచ్చింది సంచి. సరిపోవట్లేదు, సరిపోవట్లేదు అన్నారు. ఆ టెన్షన్‌లో మా అమ్మ కారిడార్‌లోనే కూర్చుండిపోయింది. ఈ ఇంజెక్షన్ సంగతి చెప్పాలని మాకెవరూ చెప్పలేదు.

బ్లడ్ బ్యాంక్ డాక్టర్: అది మీ తప్పు కాదు బాబూ. మొదటి డోసు ఇచ్చేముందే రక్తం తీసి గ్రూపు, యాంటీబాడీ స్క్రీన్, వీలైతే మిగతా యాంటిజెన్లు, అంటే ఎర్రకణాల మీదుండే గుర్తులు కూడా చూసి రాసిపెట్టుకోవాలి. ఆ పని మా వైపు నుంచి జరగాలి. తెలిస్తే దారి ఉంది. డీటీటీ అనే రసాయనంతో పరీక్ష కణాల మీది సీడీ38ను చెడగొట్టి, మళ్లీ చూస్తాం. అది ఎర్రకణాల మీది కెల్ అనే రకం యాంటిజెన్లను కూడా చెరిపేస్తుంది, వాటి సంగతి పరీక్షలో తెలియదు. కాబట్టి కెల్ లేని, అంటే కెల్ నెగటివ్ రక్తం ఎంచుకుంటాం. ఏ, బీ, ఓ గ్రూపులకూ ఆర్‌హెచ్‌కీ ఈ మందుతో ఇబ్బంది లేదు.

కాలర్: నాన్నకి ఆఖరి డోసు అయిపోయి మూడు నెలలైంది సార్. ఇంకా చెప్పాలా?

బ్లడ్ బ్యాంక్ డాక్టర్: చెప్పాలి. ఆరు నెలల దాకా పరీక్షలో కనిపించొచ్చు. మందు మొదలవ్వక ముందు తీసిన రిపోర్టు ఉందా మీ దగ్గర?

కాలర్: బీరువాలో ఫైలుంది సార్. అమ్మ దాచింది.

బ్లడ్ బ్యాంక్ డాక్టర్: ఇవాళే ఫోటో తీసి మీ ఫోన్‌లో, అమ్మ ఫోన్‌లో పెట్టండి. మందు పేరు, ఆఖరి డోసు తేదీ ఒక కాగితం మీద రాసి నాన్నగారి జేబులో కూడా ఉంచండి.