తేనెటీగ విషం గురించి మనకు తెలిసినదెంత

సభకు నమస్కారం.

తేనెటీగ విషం గంటలో క్యాన్సర్‌ను చంపేస్తుందన్న సందేశం మీలో చాలామంది ఫోన్లకు ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది. దాని వెనుక నిజమైన పరిశోధనే ఉంది. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో, హ్యారీ పెర్కిన్స్ వైద్య పరిశోధన సంస్థకు చెందిన కియారా డఫీ బృందం 2020 సెప్టెంబరులో దానిని ప్రచురించింది. పెర్త్, ఐర్లండ్, ఇంగ్లండ్‌లలోని 312 తేనెటీగలు, బంబుల్ ఈగల నుంచి సేకరించిన విషాన్ని వారు రొమ్ము క్యాన్సర్ కణాలపై, ముఖ్యంగా ట్రిపుల్ నెగెటివ్ రకంపై, పరీక్షించారు. హార్మోన్ మందులకు గానీ, హెర్2 అనే ప్రోటీన్‌పై గురిపెట్టే మందులకు గానీ లొంగని ఈ రకం, పాశ్చాత్య దేశాల రోగులతో పోలిస్తే మన దేశపు రోగులలో ఎక్కువ పాలు కనిపిస్తుంది. కనుక హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి వరండాలో ఎదురుచూసే కుటుంబానికి ఆ సందేశం ఎంత ఆశ కలిగిస్తుందో ఊహించగలం.

విషంలో అసలు పని చేసేది మెలిటిన్ అనే చిన్న ప్రోటీన్ ముక్క. 26 అమైనో ఆమ్లాల ఈ గొలుసు, ఎండిన విషంలో దాదాపు సగం ఉంటుంది. సబ్బు జిడ్డును విడగొట్టినట్టు ఇది కణపు పైపొరలో చొరబడి రంధ్రాలు చేస్తుంది. గంటలోపు కణం ఛిద్రమవుతుంది. అయితే నా దృష్టిలో అంతకంటే విలువైన విషయం మరొకటి ఉంది. కణం చావడానికి ముందే, 20 నిమిషాలలోనే, అది పెరగడానికి, విభజన చెందడానికి కావలసిన రసాయన సంకేతాలను మెలిటిన్ గణనీయంగా తగ్గించింది. మెలిటిన్ లేని బంబుల్ ఈగ విషానికి ఈ శక్తి లేదు. ప్రయోగశాలలో తయారుచేసిన మెలిటిన్ కూడా ఇదే ఫలితాన్నిచ్చింది కనుక, దీనికోసం తేనెటీగలను చంపవలసిన పనీ లేదు.

చిక్కంతా ప్రయోగశాల గాజుపాత్ర దాటిన తరువాతనే మొదలవుతుంది. తగిన మోతాదులో క్యాన్సర్ కణాలు చచ్చి, మామూలు కణాలకు పెద్దగా హాని జరగలేదన్నది పాత్రలోని మాట. నేరుగా రక్తంలోకి వెళ్లిన మెలిటిన్‌కు మాత్రం ఎర్ర రక్తకణం కూడా ఒక పొర ఉన్న కణమే; దానినీ పగలగొడుతుంది. ఈ కారణంగానే అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో పరిశోధకులు మెలిటిన్‌ను అతిసూక్ష్మ కణికలకు అంటించి, ఎలుకలలోని కణితులకు చేరవేసే పద్ధతిని 2009లోనే ప్రచురించారు. పెర్త్ బృందం కూడా ఎలుకలలో మెలిటిన్‌ను డోసిటాక్సెల్ అనే కీమో మందుతో కలిపి ఇచ్చి, కణితి పెరుగుదల తగ్గడం గమనించింది. మనుషులలో క్యాన్సర్ మందుగా మెలిటిన్ ఇంకా ఆమోదం పొందలేదు.

ఇక తేనెటీగలతో కుట్టించుకునే వైద్యం సంగతి. స్పెయిన్ వైద్యులు 2018లో నమోదుచేసిన ఒక ఉదంతంలో, రెండేళ్లుగా ఏ ఇబ్బందీ లేకుండా కుట్టించుకుంటున్న 55 ఏళ్ల మహిళ ఒకనాటి కాటుతో తీవ్రమైన అలెర్జీకి లోనై మరణించింది. పైగా హైదరాబాదులో అపార్ట్‌మెంట్ల అంచులకు వేలాడే పెద్ద పట్లు కొండ తేనెటీగలవి, ప్రయోగంలో వాడిన పెట్టె తేనెటీగలవి కావు. కదిపితే గుంపుగా మీదపడతాయి. కాటులో ఎంత మెలిటిన్ ఒంట్లోకి వెళ్లిందో ఎవరూ కొలవలేరు, అది కణితి దాకా చేరే దారీ లేదు. ఇంట్లో ఎవరైనా దీనికోసం కీమోను మధ్యలో ఆపుతామంటే, ముందు వారిని చికిత్స చేస్తున్న వైద్యుని దగ్గరకు తీసుకువెళ్లండి.