బాయ్ బ్యాండ్లకు ఆయుష్షు ఎందుకు తక్కువ?

[తెర మీద: గది గోడంతా పోస్టర్లు. టేపు ముక్కను పళ్ల మధ్య పట్టుకుని ఇంకో పోస్టర్ అంటిస్తున్న పదకొండేళ్ల అమ్మాయి]

ఈ అమ్మాయిని నమ్ముకుని బాయ్ బ్యాండ్లు, అంటే కుర్రాళ్ల పాటల బృందాల పెద్ద వ్యాపారమే నడిచింది. 9 నుంచి 12 ఏళ్ల వాళ్లు, అంటే ట్వీన్స్. సొంత సంపాదన ఉండదు. కానీ ఏ సీడీ కొనాలో అమ్మానాన్నలకు చెప్పేది వాళ్లే.

ప్యూర్టోరికోలో 1977లో మొదలైన మెనూడో బ్యాండ్‌లో ఒక రూలు ఉండేది. కుర్రాడికి 16 ఏళ్లొస్తే బయటికి, అతని చోట్లోకి ఇంకో చిన్నవాడు. గాయకుడు రికీ మార్టిన్ అందులో చేరింది 12వ ఏట. అంటే పేరు పాతదే, మొహాలు మాత్రం మారుతూనే ఉంటాయి.

అమెరికాలో న్యూ కిడ్స్ ఆన్ ది బ్లాక్ అనే బాయ్ బ్యాండ్ విజయం చూసి లూ పెర్ల్‌మన్ అనే వ్యాపారి ఈ రంగంలోకి దిగాడు. ఓర్లాండోలో ఆడిషన్లు పెట్టి 1993లో బ్యాక్‌స్ట్రీట్ బాయ్స్‌ని నిలబెట్టాడు. 1995లో ఏర్పడిన ఎన్‌సింక్‌కి డబ్బు పెట్టాడు. 1998లో ఎంటీవీ అనే మ్యూజిక్ చానల్ టీఆర్‌ఎల్ అనే షో మొదలుపెట్టింది. అందులో నచ్చిన పాటలకి బడి నుంచి వచ్చిన పిల్లలు రోజూ ఓట్లు వేసేవాళ్లు. 2000 మార్చిలో ఎన్‌సింక్ ఆల్బమ్ ఒక్క వారంలో 24 లక్షల కాపీలు అమ్ముడైంది. 2015లో గాయని అడెల్ ఆల్బమ్ వచ్చేదాకా ఆ రికార్డు అలాగే ఉంది.

మరి డబ్బు ఎవరికి చేరింది? నాకు మనసుకు కష్టంగా అనిపించేది ఇక్కడే. ఏళ్ల తరబడి చాకిరీ చేశాక చేతికొచ్చిన మొదటి పెద్ద చెక్కు 10,000 డాలర్లేనని, దాన్ని చింపేశానని ఎన్‌సింక్ సభ్యుడు లాన్స్ బాస్ తర్వాత చెప్పాడు. రెండు బ్యాండ్లూ పెర్ల్‌మన్‌తో కోర్టులో పోరాడాల్సి వచ్చింది. వేరే భారీ మోసం కేసులో 2008లో అతనికి 25 ఏళ్ల శిక్ష పడింది. 2016లో జైలు శిక్ష అనుభవిస్తూనే చనిపోయాడు.

ఈ బ్యాండ్ల పతనానికి నాప్‌స్టర్‌ని, అంటే నెట్‌లో పాటలు పంచుకునే సాఫ్ట్‌వేర్‌ని తప్పుపట్టేవాళ్లు ఉన్నారు. నిజమే, 1999 నుంచి పాటలు ఊరికే దొరకడం మొదలైంది. అసలు దెబ్బ మాత్రం వయసుదే. పదకొండేళ్లప్పుడు ప్రాణం పెట్టిన పిల్ల పద్నాలుగొచ్చేసరికి ఆ పోస్టర్లు తీసి మడతపెడుతుంది. చెల్లెలేమో అక్క బ్యాండ్ వద్దంటుంది, తనకంటూ వేరేది కావాలి. 2002లో ఎన్‌సింక్ విరామం తీసుకుంది. 2010లో పుట్టిన వన్ డైరెక్షన్ అనే బ్యాండ్‌దీ అదే దారి, 2016కల్లా ఆగిపోయింది.

ఆ పిల్లల ఇష్టాన్ని పిచ్చి అని కొట్టిపారేశారు చాలామంది. నేను ఒప్పుకోను.

[తెర మీద: 2025, లాస్ వేగస్ స్ఫియర్ వేదిక]

బ్యాక్‌స్ట్రీట్ బాయ్స్ తమ 1999 నాటి పాటలు పాడుతున్నారు. అప్పటి ఆల్బమ్ కవర్ మీద వాళ్లు వేసుకున్నట్టే తెల్లబట్టలు వేసుకుని ఎంతోమంది వచ్చారు. అప్పుడు పోస్టర్లు అంటించిన అమ్మాయిలకు ఇప్పుడు నలభైకి అటూ ఇటూ వయసు. పాటలు అక్షరం పొల్లు పోకుండా పాడుతున్నారు.