పెళ్లి చేసుకోకుండా కలిసుంటున్నారా? వీలునామా ఎందుకు, ఎలా రాయాలి

[తెర మీద: ఫ్లాట్ సేల్ డీడ్ మొదటి పేజీ. కొనుగోలుదారుల చోట రెండు పేర్లు.]

నమస్కారం. మియాపూర్‌లో ఇద్దరు కలిసి ఫ్లాట్ కొన్నారనుకోండి. పెళ్లి చేసుకోలేదు, చేసుకునే ఉద్దేశమూ లేదు. పిల్లలు లేరు. రిజిస్ట్రేషన్ ఇద్దరి పేరు మీదా ఉంది, హోమ్ లోన్ కూడా ఇద్దరి పేరు మీదే. పదేళ్ల తర్వాత అతను హఠాత్తుగా పోయాడు. ఇప్పుడు ఆ ఇల్లు ఎవరిది?

"ఇంకెవరిది, ఆమెదే" అంటారు చాలామంది. కాదు. సగమే ఆమెది. హిందూ వారసత్వ చట్టం, 1956 ప్రకారం భార్యాపిల్లలు లేని మగవాడు వీలునామా రాయకుండా చనిపోతే ఆస్తి తల్లికి వెళ్తుంది. తల్లి లేకపోతే తండ్రికి, ఆయనా లేకపోతే తోబుట్టువులకు. పోయింది ఆమె అయితే, ఆమె వాటా ఆమె తల్లిదండ్రులిద్దరికీ వెళ్తుంది. పదేళ్లు ఒకే కప్పు కింద బతికిన మనిషి ఆ వరసలో ఎక్కడా లేరు.

మరి లోన్? బ్యాంకు దృష్టిలో ఆమె కూడా అప్పు తీసుకున్న మనిషే. మిగిలిన ఈఎంఐలన్నీ ఆమెనే కట్టమని అడగొచ్చు. ఇంట్లో సగం అతనివాళ్లది, బాకీ మాత్రం మొత్తం ఆమె మీద. ఈ వీడియో చేయడానికి కారణం ఇదే. రెండు కాగితాలు రాసుకుంటే తప్పే కష్టం ఇది.

"సహజీవనాన్ని కోర్టులు ఒప్పుకున్నాయి కదా?" అని మీకు అనిపించొచ్చు. ఒప్పుకున్నాయి. 2005 గృహహింస చట్టం అలాంటి బంధంలో ఉన్న స్త్రీకి రక్షణ ఇస్తుంది. భార్యాభర్తల్లా ఏళ్ల తరబడి కలిసి బతికినవాళ్లకు పెళ్లి అయినట్టే భావించవచ్చని 2015లో ధన్నూలాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పి, ఆ కేసులోని స్త్రీకి ఆస్తి హక్కు ఉందని ఒప్పుకుంది. కానీ అది ఊహ మాత్రమే, అవతలివాళ్లు సాక్ష్యంతో కొట్టేయొచ్చు. "మేం పెళ్లి చేసుకోలేదు" అని మీరే అందరికీ చెబుతూ వచ్చినప్పుడు ఆ ఊహ ఎలా నిలుస్తుంది? ఇక స్వలింగ జంటలకైతే, 2023 అక్టోబరు నాటి సుప్రీంకోర్టు తీర్పు తర్వాత, పెళ్లి దారి ప్రస్తుతానికి లేనే లేదు. వాళ్లకు వీలునామా అవసరం ఇంకా ఎక్కువ.

[తెర మీద: బ్యాంకు నామినేషన్ ఫారం.]

"నామినీగా పెట్టాను, చాలు" అనేది ఇంకో నమ్మకం. నామినీ అంటే డబ్బు చేతికి తీసుకునే మనిషి, యజమాని కాదు. 1983లో సర్బతీ దేవి కేసులో బీమా డబ్బు గురించి, 2023లో షేర్ల గురించి సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. 2015 సవరణ తర్వాత బీమాలో తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు నామినీలైతే ఆ డబ్బు వాళ్ల సొంతం. కలిసుంటున్న మనిషికి ఆ వెసులుబాటు లేదు. కాబట్టి నామినేషన్ చేయండి, దాంతో ఆగిపోకండి.

ఇప్పుడు అసలు కాగితం. స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. ఇద్దరూ కలిసి ఒకటే రాయకుండా ఎవరిది వాళ్లు రాసుకోవడం మేలు. మార్చుకోవాలన్నప్పుడు ఎవరి కాగితం వాళ్ల చేతిలో ఉంటుంది. ముఖ్యమైన వాక్యం ఇలా ఉండొచ్చు:

[తెర మీద, చేతిరాతలో:] "నాతో కలిసి ఒకే ఇంట్లో నివసిస్తున్న ఫలానా, తండ్రి ఫలానా, వయసు ఇన్ని సంవత్సరాలు, వీరికి మియాపూర్ ఫ్లాట్‌లో నా సగం వాటాను నా తదనంతరం సర్వహక్కులతో రాస్తున్నాను."

గమనించారా, "నా భార్య" అని రాయలేదు. కానిదాన్ని అయినట్టు రాస్తే, రేపు కోర్టులో అవతలి వకీలు మొదట పట్టుకునేది ఆ మాటనే. ఆ కిందే ఇంకో రెండు వాక్యాలు: అమ్మానాన్నలకు ఎందుకు ఇవ్వడం లేదో, లేదా వాళ్లకు విడిగా ఏం ఇస్తున్నారో. సొంతవాళ్లను కారణం చెప్పకుండా పక్కనపెట్టిన వీలునామాను కోర్టులు అనుమానంగా చూస్తాయి.

సాక్షులు కనీసం ఇద్దరు. మీరు సంతకం పెట్టడం వాళ్లు కళ్లారా చూడాలి, మీ ఎదుటే వాళ్లూ పెట్టాలి. మీకంటే చిన్నవాళ్లను, ఊళ్లో దొరికేవాళ్లను ఎంచుకోండి. మీరు పోయాక వాళ్లలో ఒకరైనా కోర్టుకొచ్చి "అవును, నేను చూశాను" అని చెప్పాల్సి రావచ్చు. ఆస్తి పొందే మనిషి సాక్షిగా ఉండకూడదు. డ్రాఫ్టు రాయించడంలోనూ ఆ మనిషి చెయ్యి లేకపోవడం మంచిది.

రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కానీ ఇలాంటి జంటలు చేయించుకోవాలనే నేనంటాను. సాక్షులతో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లారంటే, సంతకం ఫోర్జరీ అనడం కష్టమవుతుంది.

చాలామంది మర్చిపోయేది ఒకటుంది. ఇద్దరూ ఒకే ప్రమాదంలో పోతే? ఎవరు ముందో తెలియనప్పుడు ఇద్దరిలో వయసులో చిన్నవాళ్లే తర్వాత పోయారని హిందూ వారసత్వ చట్టం 21వ సెక్షన్ అనుకుంటుంది. అంటే పెద్దవాళ్ల ఆస్తి ఒక్క క్షణం చిన్నవాళ్లకు వచ్చి, అక్కణ్నుంచి చిన్నవాళ్ల ఇంటివైపు వెళ్లిపోతుంది. అందుకే "ఆమె నాకంటే ముందు గానీ, నాతోపాటు గానీ మరణిస్తే ఈ వాటా మా చెల్లెలికి" అని రెండో పేరు తప్పకుండా రాయండి.

మతాన్ని బట్టి తేడాలున్నాయి. ముస్లింలు వారసుల అంగీకారం లేకుండా మూడో వంతుకు మించి వీలునామాలో రాయలేరు. క్రైస్తవులు రాసుకున్న తర్వాత పెళ్లి చేసుకుంటే పాత వీలునామా రద్దైపోతుంది, మళ్లీ రాయాలి. హిందువులకు పెళ్లితో రద్దు కాదు. విడిపోయినా రద్దు కాదు! విడిపోయిన మనిషికి ఇల్లు వెళ్లకూడదనుకుంటే, పాతది రద్దు చేస్తున్నానంటూ కొత్తది రాయాల్సిందే.

ఎగ్జిక్యూటర్‌గా, అంటే వీలునామాలో రాసింది అమలు చేసే మనిషిగా, ఒక స్నేహితుడినో, ఇరువైపులా మాట చెల్లే బంధువునో పెట్టండి. ఒరిజినల్ మీ ఒక్కరి పేరున్న లాకర్లో దాచకండి, మీరు పోయాక ఆ లాకరు తెరిపించడమే ఒక పని. ఎక్కడ పెట్టారో ఎగ్జిక్యూటర్‌కీ, మీ మనిషికీ ఈ రోజే చెప్పండి.