పాత హార్డ్ డిస్క్ తీయకుండానే ఎస్ఎస్‌డీ పెడదాం

[మూత తీసిన సీపీయూ. లోపలంతా దుమ్ము. పక్కన టీ గ్లాసు.]

నమస్తే అండి. ఇది విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర మా బావ ఫొటో స్టూడియో. ఇప్పుడు మూఢం, పెళ్లిళ్లు లేవు. అందుకే ఈ సీపీయూ మూత తీయడానికి బావ ఒప్పుకున్నాడు. సీజన్లో అయితే దీని జోలికి కూడా రానివ్వడు.

పొద్దున్న దీన్ని ఆన్ చేసి, కిందికెళ్లి టీ తాగి వచ్చినా ఇంకా గిరగిరా తిరుగుతూనే ఉంటుంది. కొత్తది కొనమంటే కొనడు. ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ చేసే పనే, కానీ చాలా వేగంగా చేసేది) పెడదామంటే మాత్రం, "మరి సిరిమాను ఫొటోలు ఏటవుతాయిరా?" అన్నాడు. దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను తిరుగుతుంది కదా, ఏళ్ల తరబడి తీసిన ఆ ఫొటోలన్నీ ఈ 1 టీబీ హార్డ్ డిస్క్‌లోనే ఉన్నాయి. ఏమీ అవ్వవు బావా, అది ఉన్నచోటే ఉంటుంది, పక్కన ఇంకోటి పెడతాం.

[హార్డ్ డిస్క్ దగ్గరగా]

అసలిది ఎందుకింత నెమ్మది? లోపల పళ్లెం నిమిషానికి 7,200 సార్లు తిరుగుతుంది. అంటే ఒక్క చుట్టుకి 8.3 మిల్లీసెకన్లు. కావలసిన చోటు హెడ్ (డేటా చదివే ముల్లు లాంటిది) కిందకి వచ్చేదాకా సగటున అందులో సగం సేపు ఆగాలి. హెడ్ అటూ ఇటూ జరగడానికి పట్టే టైమ్ దానికి అదనం. ఇలా అయితే అక్కడక్కడా పడి ఉన్న చిన్న ముక్కలు సెకనుకి ఓ వంద అందుకోవడమే గగనం. విండోస్ లేచేటప్పుడు అడిగేవేమో వేల ముక్కలు. ఎస్ఎస్‌డీలో తిరిగేదీ లేదు, జరిగేదీ లేదు, అన్నీ చిప్‌లే. అందుకని విండోస్, ఫొటోషాప్ కొత్తదాంట్లోకి, ఫొటోలు పాతదాంట్లోనే. ఒక పెద్ద ఫైలు వరసగా చదవడానికి ఈ ముసలిది ఇప్పటికీ పనికొస్తుంది.

బావ మదర్‌బోర్డుకి ఎం.2 స్లాట్ (పట్టీలాంటి చిన్న ఎస్ఎస్‌డీని నేరుగా గుచ్చే చోటు) లేదు. కాబట్టి 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ తెచ్చాం. సాటా అంటే పాత హార్డ్ డిస్క్ వాడే కనెక్షనే. ఇది సెకనుకి 550 ఎంబీ దగ్గర ఆగిపోతుంది, మనకది చాలు. మీ బోర్డుకి ఎం.2 ఉంటే అది ఎన్‌వీఎంఈ (సాటా కంటే వేగమైన) రకం తీసుకుంటుందా, సాటా రకమేనా అన్నది మాన్యువల్లో చూశాకే కొనండి. స్లాట్‌ని చూసి చెప్పడం కష్టం. ఇంకో తిరకాసు ఉంది. కొన్ని బోర్డుల్లో ఎం.2లో డ్రైవ్ పెట్టగానే ఒక సాటా పోర్టు పనిచేయడం మానేస్తుంది. మీ హార్డ్ డిస్క్ సరిగ్గా ఆ పోర్టుకే ఉంటే, అది పోయిందనుకుని టెన్షన్ పడతారు. పోర్టు మార్చండి, వచ్చేస్తుంది.

మొదట ఫొటోలు ఇంకో ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ. దీనికి బేరం లేదు. తర్వాత పవర్ తీసేసి, ఒంట్లో స్టాటిక్ కరెంట్ పోవడానికి కేబినెట్ ఇనుము ఒకసారి ముట్టుకుని, సన్న కేబుల్ మదర్‌బోర్డుకి, వెడల్పాటిది పవర్ సప్లైకి. రెండు స్క్రూలు. ఈ పని ఐదు నిమిషాలు.

[చేతిలో విడదీసిన సాటా కేబుల్]

ఇప్పుడు చెప్పేది మాత్రం జాగ్రత్తగా వినండి. విండోస్ ఎక్కించేటప్పుడు పాత హార్డ్ డిస్క్ కేబుల్ పీకేయండి. నేను మొదటిసారి మా ఇంట్లో కంప్యూటర్‌కి చేసినప్పుడు పీకలేదు. ఎస్ఎస్‌డీనే ఎంచుకుని విండోస్ ఎక్కించాను, జోరుగా నడిచింది. కొన్ని నెలలకి పాత డిస్క్ టిక్ టిక్ అంటుంటే తీసేశాను. కంప్యూటర్ లేవలేదు! విండోస్ ఉన్నది ఎస్ఎస్‌డీలో, దాన్ని లేపే బూట్ ఫైళ్లు ఉన్నది పాత డిస్క్‌లో. అక్కడ అప్పటికే బూట్ పార్టిషన్ ఉంది కాబట్టి సెటప్ దాన్నే వాడేసుకుంది. ఇల్లు మారి తాళం పాత ఇంట్లో వదిలేసినట్టు. కేబుల్ పీకేసి ఉంటే దానికి వేరే దారి లేక అన్నీ ఎస్ఎస్‌డీలోనే పెట్టుకుంటుంది.

క్లోన్ చేయొచ్చు కదా, అంటే పాత డిస్క్‌ని ఉన్నదున్నట్టు ఎస్ఎస్‌డీలోకి దింపేయొచ్చు కదా అంటారు. చేయొచ్చు, సామాను పడితే. ఇక్కడ నిండినది 700 జీబీ, మన ఎస్ఎస్‌డీ 256. లైసెన్స్ గురించి భయపడకండి, విండోస్ డిజిటల్ లైసెన్స్ మదర్‌బోర్డుతో ముడిపడి ఉంటుంది, డిస్క్‌తో కాదు.

విండోస్ ఎక్కాక షట్‌డౌన్ చేసి, పాత కేబుల్ మళ్లీ తగిలించి, బయోస్‌లో (విండోస్ లేవకముందే వచ్చే సెట్టింగ్స్) ఎస్ఎస్‌డీని మొదటి వరసలో పెట్టండి. పాత డిస్క్ ఇంకో డ్రైవ్‌గా కనిపిస్తుంది. ఫొటోషాప్‌లో స్క్రాచ్ డిస్క్ (పని చేసేటప్పుడు తాత్కాలికంగా డేటా పెట్టుకునే చోటు) ఎస్ఎస్‌డీకి మార్చండి, తేడా అక్కడే తెలుస్తుంది. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌ని పాతదానికి తిప్పేయండి, లేకపోతే 256 జీబీ ఇట్టే నిండుతుంది. ఎస్ఎస్‌డీకి డీఫ్రాగ్ (ముక్కలైన ఫైళ్లని ఒకచోట చేర్చడం) సంగతి మర్చిపోండి, దానికి కావలసిన ట్రిమ్ (చెరిపేసిన ఫైళ్ల చోటు ఖాళీ అని డ్రైవ్‌కి చెప్పడం) విండోసే చేసుకుంటుంది.

పాత డిస్క్‌లోని విండోస్ ఫోల్డర్‌ని నెల రోజులు ముట్టుకోవద్దని బావకి చెప్పాను. మూడో రోజే ఫోన్. "ఒరే, పెళ్లి కార్డులకి వాడే తెలుగు ఫాంట్లు ఏవిరా, ఒక్కటీ లేదు!"

పాత డిస్క్‌లో విండోస్, అందులో ఫాంట్స్. అన్నీ అక్కడే ఉన్నాయి బావా, కాపీ చేసుకో.