బయోటెక్ కంపెనీలు కోడ్ రాసేవాళ్లని ఎందుకు తీసుకుంటున్నాయి? హైదరాబాద్ లెక్క ఇదీ

(స్క్రీన్ మీద: హైదరాబాద్ మ్యాప్. శామీర్‌పేట పక్కన ఒక ఎర్ర చుక్క, గచ్చిబౌలి దగ్గర ఇంకొకటి.)

"అన్నా, నేను ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ. చదువైపోయినప్పటి నుంచి ఖాళీ. నా రూమ్మేట్ సీఎస్‌ఈ. వాడికి డీఎన్‌ఏకీ ఆర్‌ఎన్‌ఏకీ తేడా తెలీదు. వాడు పోయి అమెరికా బయోటెక్ కంపెనీలో కూర్చున్నాడు. ఇదేం లెక్క?"

ఇలాంటి మెసేజ్‌లు మాకు వస్తూనే ఉంటాయి. లెక్క ఉందండి. కాకపోతే అది కాలేజీలో ఎవరూ చెప్పరు.

మ్యాప్ మీద రెండు చుక్కలు చూడండి. శామీర్‌పేట వైపున్నది జినోమ్ వ్యాలీ. 1997లో శాంతా బయోటెక్నిక్స్ హెపటైటిస్-బి టీకాని రీకాంబినెంట్ పద్ధతిలో, అంటే జన్యువుని వేరే జీవిలో పెట్టి, హైదరాబాద్ దగ్గరే తయారు చేసి మార్కెట్లోకి తెచ్చింది. 1999లో జినోమ్ వ్యాలీ మొదలైంది. కోవాక్సిన్ చేసిన భారత్ బయోటెక్ అక్కడిదే. ఆ చుక్కలో పనంటే ఫెర్మెంటర్ (సూక్ష్మజీవుల్ని పెంచే ట్యాంకు), ప్యూరిఫికేషన్, క్యూసీ (నాణ్యత పరీక్షలు), క్యూఏ (నాణ్యత పర్యవేక్షణ), షిఫ్టులు. బయోటెక్ చదివినవాళ్లు మామూలుగా రెజ్యూమే పంపేది ఇక్కడికే. పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ, మొదటి జీతం చూస్తే నీరసం వస్తుంది.

గచ్చిబౌలి, హైటెక్ సిటీ వైపున్న రెండో చుక్క కథ వేరు.

(స్క్రీన్ మీద: కంపెనీల పేర్లు ఒక్కొక్కటిగా.)

2024 ఫిబ్రవరిలో బ్రిస్టల్ మయర్స్ స్క్విబ్ 10 కోట్ల డాలర్ల పెట్టుబడితో ఇక్కడ సెంటర్ తెరిచింది. అదే ఏడాది జులైలో సనోఫీ తన హైదరాబాద్ సెంటర్ మీద ఆరేళ్లలో 40 కోట్ల యూరోలు పెడతామని చెప్పింది. ఆగస్టులో ఆమ్జెన్ 3,000 దాకా ఉద్యోగాలంటూ ప్రకటించి, 2025 ఫిబ్రవరిలో ప్రారంభోత్సవం చేసింది. 2025 ఆగస్టులో గచ్చిబౌలిలో ఎలై లిల్లీ వచ్చింది. వెయ్యి నుంచి 1,500 మందిని తీసుకుంటామన్నారు. నోవార్టిస్ అయితే వీళ్లందరికంటే చాలా ముందే వచ్చి వేలమందితో నడుస్తోంది.

వీటిని జీసీసీలంటారు, అంటే కంపెనీ సొంతంగా నడుపుకునే సెంటర్. ఈ భవనాల్లో మందు తయారు కాదు. చాలావాటిలో తెల్లకోటు వేసుకునే పనే ఉండదు. ఉండేది డేటా. క్లినికల్ ట్రయల్‌లో పేషెంట్ల వివరాలు, ఫ్యాక్టరీలో బ్యాచ్ రికార్డులు, ఏ దేశానికి ఎన్ని డోసులు పంపాలనే లెక్కలు, అనుమతి కోసం ప్రభుత్వాలకి పంపే వేల పేజీల పత్రాలు.

మరి ఇంతకుముందు ఈ పని ఎవరు చేసేవాళ్లు? చాలావరకు ఐటీ సర్వీసెస్ కంపెనీలకి కాంట్రాక్ట్ ఇచ్చేవాళ్లు. ఇప్పుడు సొంతంగా మనుషుల్ని పెట్టుకుంటున్నారు. ఏఐ కోసం డేటా చేతిలో ఉంచుకోవాలన్నది ఒక కారణం. ఇంకో కారణం డబ్బు. బ్రిస్టల్ మయర్స్ స్క్విబ్ ఇక్కడ సెంటర్ తెరిచిన రెండు నెలలకే, 2024 ఏప్రిల్‌లో, 150 కోట్ల డాలర్ల ఖర్చు తగ్గిస్తామని, ఆ ఏడాది దాదాపు 2,200 ఉద్యోగాలు తీసేస్తామని ప్రకటించింది. అక్కడ పోయిన కుర్చీయే ఇక్కడికి వచ్చిందని నేను అనట్లేదు. కానీ రెండు వార్తలూ ఒకే కంపెనీవి, ఒకే ఏడాదివి. రిబ్బన్ కటింగ్ ఫొటోలు చూసి మురిసిపోయే ముందు ఆ రెండోది కూడా చదవండి.

(స్క్రీన్ మీద: పేరు తీసేసిన ఒక ఉద్యోగ ప్రకటన. కర్సర్ లైన్ లైన్‌గా కదులుతుంది.)

సరే, పనిలోకి వద్దాం. ఈ సెంటర్లు వేసే ప్రకటన మామూలుగా ఇలా ఉంటుంది. పైథాన్, ఎస్‌క్యూఎల్. ఏడబ్ల్యూఎస్ లేదా ఆజూర్. డేటాబ్రిక్స్ తెలిస్తే మంచిది. ఇక్కడిదాకా ఏ బ్యాంకు ప్రకటనైనా ఇంతే. కిందకి వస్తే ఒక లైన్ ఉంటుంది: "జీఎక్స్‌పీ వాతావరణంలో పనిచేసిన అనుభవం, పార్ట్ 11 అవగాహన." జీఎక్స్‌పీ అంటే మందుల తయారీలో, పరీక్షల్లో పాటించాల్సిన నాణ్యత నియమాలు. మన సీఎస్‌ఈ రూమ్మేట్‌కి ఈ లైన్ తెలీదు. ఎమ్మెస్సీ తమ్ముడికి పైలైన్ తెలీదు. రెండూ తెలిసినవాళ్లు దొరక్క హెచ్‌ఆర్‌లు తలలు పట్టుకుంటారు.

పార్ట్ 11 అంటే అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1997లో తెచ్చిన నిబంధన. కాగితం మీద కాకుండా కంప్యూటర్లో రికార్డు పెట్టి, కంప్యూటర్లోనే సంతకం చేస్తే, దాన్ని ఎప్పుడు నమ్మొచ్చో అది చెబుతుంది. వినడానికి చప్పగా ఉంటుంది. ల్యాబ్‌లో ఏం జరుగుతుందో చూస్తే అసలు సంగతి అర్థమవుతుంది.

(స్క్రీన్ మీద: మందులో ఏమేం ఉన్నాయో విడదీసి కొలిచే మెషిన్, హెచ్‌పీఎల్‌సీ గ్రాఫ్. ఒక పెద్ద పీక్, పక్కన చిన్నది.)

క్యూసీ ల్యాబ్‌లో ఒక మందు శాంపిల్ మెషిన్‌లో పెట్టారనుకోండి. స్వచ్ఛత 98 శాతం ఉంటే పాస్. ఫలితం 97.4 వచ్చింది. అనలిస్ట్ సాఫ్ట్‌వేర్ తెరిచి, పీక్ (గ్రాఫ్‌లో పైకి లేచిన గుట్ట) ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఆ గీతని చేత్తో కాస్త జరిపాడు. 98.3 అయింది. బ్యాచ్ పాస్. అతను జరపడానికి సరైన కారణమే ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ప్రశ్న ఏమిటంటే, ఆ పాత 97.4 ఇప్పుడెక్కడుంది?

దాన్ని పట్టి ఉంచేదే ఆడిట్ ట్రయల్. ఎవరు మార్చారు, ఎన్ని గంటలకు, పాత అంకె ఏంటి, కొత్తది ఏంటి, ఎందుకు. ఇదేమీ చిన్న విషయం కాదు. 2013లో మన దేశపు మందుల కంపెనీ ర్యాన్‌బ్యాక్సీ అమెరికా విభాగం తయారీ లోపాలు, తప్పుడు డేటాకి సంబంధించిన కేసులో నేరం ఒప్పుకుని 50 కోట్ల డాలర్లు కట్టడానికి సిద్ధపడింది. ఆ తర్వాత భారతీయ ప్లాంట్ల మీద ఎఫ్‌డీఏ చూపు ఇంకా పదునెక్కింది.

ఇక్కడే ఒక టెక్ ఉద్యోగం పుడుతుంది. పేరు సీఎస్‌వీ, కంప్యూటర్ సిస్టమ్ వేలిడేషన్. సాఫ్ట్‌వేర్ చెప్పిన పని చేస్తోందని కాగితం మీద రుజువు చేయడమే పని. ఒక టెస్ట్ కేస్ చూపిస్తాను. "అనలిస్ట్ లాగిన్‌తో లోపలికి వెళ్లు. నిన్నటి ఫలితాన్ని డిలీట్ చేయడానికి ప్రయత్నించు. జరగాల్సింది: సిస్టమ్ ఒప్పుకోకూడదు." ప్రయత్నించాలి, స్క్రీన్‌షాట్ తీయాలి, తేదీ వేసి సంతకం పెట్టాలి. ఒప్పుకుందంటే డీవియేషన్, అంటే తేడా వచ్చిందన్న నివేదిక, రాయాలి. రోజంతా ఇదే. కోడింగ్‌లో థ్రిల్ కావాలనుకునేవాళ్లకి ఇది బోర్. ఓపిక ఉన్నవాళ్లకి మాత్రం మార్కెట్ బాగుంది. ఎందుకంటే కంపెనీ కొత్త సాఫ్ట్‌వేర్ కొన్న ప్రతిసారీ, క్లౌడ్‌కి మారిన ప్రతిసారీ, ఇప్పుడు ఏఐ పెట్టిన ప్రతిసారీ ఈ పని మళ్లీ మొదటికొస్తుంది.

(స్క్రీన్ మీద: అమీర్‌పేట, కోచింగ్ బోర్డులు.)

అమీర్‌పేట సంగతి చెప్పకపోతే ఈ వీడియో పూర్తికాదు. క్లినికల్ ఎస్‌ఏఎస్ బోర్డులు మీరూ చూసే ఉంటారు. ఎస్‌ఏఎస్ అంటే ట్రయల్ డేటాని విశ్లేషించే సాఫ్ట్‌వేర్. ఫార్మసీ, బయోటెక్ చదివినవాళ్లు ఐటీలోకి దూరడానికి ఏళ్ల తరబడి వాడుకున్న దారి ఇదే. పని ఏంటంటే, ట్రయల్ డేటాని ఎస్‌డీటీఎమ్ అనే ఒక నిర్ణీత పద్ధతిలో పేర్చడం. డాక్టర్ ఫారంలో "తల బద్దలైపోతోంది అన్నాడు" అనే అర్థంలో ఇంగ్లిష్‌లో ఏదో రాస్తాడు. ఆ రాసింది రాసినట్టు ఒక కాలమ్‌లోకి, మెడ్రా నిఘంటువు ప్రకారం దాని ప్రామాణిక పేరు "హెడేక్" ఇంకో కాలమ్‌లోకి, మొదలైన తేదీ మరో కాలమ్‌లోకి వెళ్లాలి. 2016 డిసెంబర్ 17 తర్వాత మొదలైన ట్రయల్స్‌కి ఎఫ్‌డీఏ ఈ పద్ధతిని తప్పనిసరి చేసింది. డిమాండ్ అలా వచ్చింది.

ఆ దారి మూసుకుపోలేదు గానీ ఇరుకైంది. ఒకటి, ఎస్‌ఏఎస్ పక్కకి ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాష వచ్చి కూర్చుంది. ఆర్‌తో చేసిన ప్రయోగాత్మక సబ్మిషన్‌ని ఆర్ కన్సార్షియం వాళ్లు 2021లోనే ఎఫ్‌డీఏకి పంపారు. రెండు, ఫ్రెషర్లకి ఇచ్చే రొటీన్ టేబుళ్లు, లిస్టింగుల పని మాక్రోలతోనూ ఏఐతోనూ తేలిగ్గా అయిపోతోంది. కాబట్టి ఎస్‌ఏఎస్ ఒక్కటే నేర్చుకుని ఇంటర్వ్యూకి వెళ్తే నెగ్గుకురావడం కష్టం.

ఏఐ మాట వచ్చింది కాబట్టి ఒక అపోహ తీర్చేద్దాం. ఆల్ఫాఫోల్డ్ అనే ఏఐ ప్రోగ్రామ్ 20 కోట్లకు పైగా ప్రొటీన్ల ఆకారాలు అంచనా వేసింది, దాన్ని చేసిన డెమిస్ హసాబిస్, జాన్ జంపర్‌లకి 2024లో కెమిస్ట్రీ నోబెల్‌లో వాటా వచ్చింది. నిజమే, గొప్ప విషయం. అది చూసి "ఏఐతో మందు కనిపెట్టే ఉద్యోగం" అని వెతికేవాళ్లు చాలామంది. అవి చాలా కొద్ది, అవీ ఎక్కువగా పీహెచ్‌డీ వాళ్లకి. ఆ రంగమూ సాఫీగా లేదు: ఏఐతో మందులు వెతికే రికర్షన్ 2025 జూన్‌లో తన సిబ్బందిలో దాదాపు 20 శాతం మందిని తగ్గించింది. గచ్చిబౌలి వైపు ఏఐ ఉద్యోగమంటే చాలాసార్లు నివేదిక మొదటి డ్రాఫ్ట్ రాసే టూల్‌కి సరైన డేటా అందించే పని, ఆ టూల్ రాసింది నిజమో కాదో చూసే పని.

(స్క్రీన్ మీద: యాంకర్ నేరుగా కెమెరాలోకి.)

ఇప్పుడు మన ఎమ్మెస్సీ తమ్ముడికి. మళ్లీ బీటెక్ చదవనక్కర్లేదు. నీకు పీక్ అంటే తెలుసు, బ్యాచ్ అంటే తెలుసు, క్యూసీ వాళ్లు దేనికి కంగారుపడతారో తెలుసు. అది సీఎస్‌ఈ కుర్రాడికి నేర్పడం అంత తేలిక కాదు. ఎస్‌క్యూఎల్ గట్టిగా పట్టు. ఎఫ్‌డీఏ వెబ్‌సైట్‌లో వార్నింగ్ లెటర్లు ఉచితంగా ఉంటాయి, డేటా ఇంటెగ్రిటీ మీద ఉన్నవి కూర్చుని చదువు. నా మటుకు నాకు ఏ కోర్సు మెటీరియల్ కంటే అవే బాగా నేర్పుతాయి. ల్యాబ్ ఉద్యోగమే దొరికినా చిన్నచూపు చూడకు. అక్కడ లిమ్స్ (ల్యాబ్ శాంపిళ్లు, ఫలితాల రికార్డులు పెట్టే సాఫ్ట్‌వేర్) అమలు చేస్తున్నా, కొత్త సాఫ్ట్‌వేర్ పెడుతున్నా, ఆ టీమ్‌లో నన్ను వేయండని అడుగు. రెండో చుక్కకి ఎక్కువమంది వెళ్లేది ఆ గుమ్మంలోంచే.

సీఎస్‌ఈ వాళ్లకి ఒక్క మాట: ఇంటర్వ్యూలో "ప్రొడక్షన్‌లో బగ్ వస్తే ఏం చేస్తారు" అంటే "వెంటనే ఫిక్స్ చేసి పుష్ చేస్తాను" అనకండి. ఇక్కడ చేంజ్ కంట్రోల్ (మార్పుని ముందే రాసి అనుమతి తీసుకోవడం) లేకుండా ఒక్క లైన్ మార్చినా తప్పే.

ఇంకొకటి. "బ్యాక్‌డోర్‌లో జీసీసీ ఉద్యోగం, మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ లెటర్ మేమే ఇస్తాం, మూడు లక్షలు కట్టండి" అనే ఫోన్లు మీకూ వచ్చే ఉంటాయి. అబద్ధపు రికార్డు దొరికితే బ్యాచ్‌లకి బ్యాచ్‌లే పారబోసే పరిశ్రమ ఇది. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో పీఎఫ్ ఖాతా తీసి చూస్తే ఆ మూడేళ్లు ఎక్కడా కనిపించవు. ఉద్యోగమూ పోతుంది, కట్టిన డబ్బూ రాదు.

జాబ్ సైట్‌లో "బయోటెక్" అని కొట్టకండి, సేల్స్ పోస్టులు కుప్పలుగా వస్తాయి. సీఎస్‌వీ, లిమ్స్, వీవా వాల్ట్ (మందుల కంపెనీల పత్రాలు దాచే సాఫ్ట్‌వేర్), జీఎక్స్‌పీ, క్లినికల్ డేటా, ఎమ్‌ఈఎస్ (ఫ్యాక్టరీలో తయారీని నడిపించే సాఫ్ట్‌వేర్): ఈ పదాలతో విడివిడిగా అలర్ట్‌లు పెట్టుకోండి. డిస్క్రిప్షన్‌లో రాసి పెట్టాను, కాపీ చేసుకోండి.